ఒత్తుల యాప్ మీరే చేసుకోవచ్చు, 40 వేలు అక్కర్లేదు

ప్రశ్న: గుంటూరులో ఒక నగరపాలక ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతికి చెబుతున్నాను. క్లాసులో 34 మంది. పాఠం బాగానే చదువుతారు, డిక్టేషన్ అనేసరికి ఒత్తులు ఎగిరిపోతాయి. చెట్టు ‘చెటు’ అవుతుంది, పువ్వు ‘పువు’ అవుతుంది. పదం వినిపించి, మూడు రాతల్లో సరైనది ఎంచుకోమనే చిన్న యాప్ ఉంటే బాగుండునని అనుకున్నాను. ఒకాయన 40 వేలు అడిగారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు, ఎక్సెల్ కొద్దిగా వచ్చు. ఇంట్లో లాప్‌టాప్ ఉంది. క్లాసులో వాడటానికి నా ఫోను, ఇంకో పాత ఆండ్రాయిడ్ ఫోను, ఒక స్మార్ట్ టీవీ ఉన్నాయి. నేనే చేసుకోగలనా? చేశాక తల్లుల ఫోన్లకు వాట్సాప్‌లో పంపొచ్చా? పిల్లల పేర్లు, మార్కులు అందులోనే నమోదయ్యేలా చేయొచ్చా? – ఒక టీచరు, గుంటూరు

సమాధానం:

చేసుకోగలరు, టీచర్ గారూ. ఎక్సెల్‌లో ఒక ఫార్ములా రాయగలిగిన చేతికి ఇది అందే పనే. వాట్సాప్‌లో మాత్రం పంపకండి. పేర్లూ వద్దు. ఆ రెండింటికీ కారణాలు చివర్లో చెబుతాం.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి ఖాయం చేసుకోవాలి. యాప్‌లో పిల్లవాడు సరైన రాతను గుర్తుపడతాడు, అంతే. చేత్తో రాయడం వేరే విద్య. అందుకని ప్రతి ఆట అయ్యాక ఫోను పక్కన పెట్టించి, అవే పది పదాలు నోటుబుక్కులో రాయించాలి. అలా రాయించే తీరిక లేదనుకుంటే యాప్ చేయడం దండగ. రాయిస్తానంటే మాత్రం దీనివల్ల మీకు దొరికేది చాలా పెద్దది. 34 మందిలో ప్రతి ఒక్కరికీ తన జవాబు తప్పో ఒప్పో ఆ క్షణంలోనే తెలుస్తుంది. నోటుబుక్కులు దిద్ది మర్నాడు ఇచ్చేసరికి ఆ పదం విన్న చెవి మరిచిపోయి ఉంటుంది.

పదాలు ఎంచుకోవడమే సగం పని

కంప్యూటర్ తెరవక ముందే ఈ పని పూర్తి కావాలి. గత నెల డిక్టేషన్ నోటుబుక్కులు ముందేసుకుని, పిల్లలు నిజంగా తప్పు రాసిన పదాలు 20 ఏరండి. తప్పు రాతలు మీరు ఊహించి రాయొద్దు. పిల్లలు రాసినవే తీసుకోండి. ‘చెట్టు’ పక్కన ‘చట్టు’ పెడితే ఎవరూ నొక్కరు, ఎందుకంటే ఆ తప్పు ఎవరూ చేయరు. ‘చెటు’, ‘చేట్టు’ పెడితే ఆగి ఆలోచిస్తారు.

ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటుంది. కొన్ని తప్పులను చెవి పట్టుకోగలదు: చెట్టు, చెటు, పువ్వు, పువు, కర్ర, కర. టీచరు ఒత్తి పలికితే విద్య, విధ్య, భాష, బాష కూడా ఈ కోవలోకే వస్తాయి. కొన్ని తప్పులను చెవి పట్టుకోలేదు: కృష్ణా, క్రుష్ణా, ఋతువు, రుతువు. మనం పలికే తీరులో ఈ జంటలకు తేడా దాదాపు వినిపించదు, కంటి జ్ఞాపకమే దిక్కు. ఈ రెండు రకాలనూ ఒకే ఆటలో కలిపితే, శ్రద్ధగా విన్న పిల్లకు కూడా తప్పు పడుతుంది. విని లాభం లేదని వినడం మానేసి అందినది నొక్కడం మొదలుపెడుతుంది. మొదటి యాప్‌లో చెవికి అందే 20 పదాలే పెట్టండి. కంటి పదాలకు తర్వాత వేరే ఆట చేసుకోవచ్చు, అందులో ధ్వని బదులు బొమ్మ పెట్టాలి.

ఒక కాగితం మీద మూడు నిలువు వరసలు గీయండి: సరైన రాత, తప్పు ఒకటి, తప్పు రెండు. అడ్డ వరసలకు 1 నుంచి 20 వరకు నంబర్లు వేయండి. యాప్ మొత్తం ఈ కాగితమే. దీన్ని ఇంకొక తెలుగు టీచరుకు చూపించి దిద్దించుకోండి. ‘విద్యార్థి’, ‘ప్రార్థన’ లాంటి పదాల్లో థ, ధ పెద్దలకే తారుమారవుతాయి. యాప్‌లోకి తప్పు ఎక్కిందంటే 34 మందికీ ఆ తప్పే వంటబడుతుంది.

గొంతు

మనం యాప్ కట్టడానికి వాడబోయే సాధనం పేరు యాప్ ఇన్వెంటర్. అందులో రాతను చదివి వినిపించే భాగం ఉంది, టెక్స్ట్ టు స్పీచ్ అంటారు. చూడగానే అదే వాడాలనిపిస్తుంది. వాడొద్దు. ఆ గొంతు యాప్‌లో ఉండదు, ఫోనులో ఉంటుంది. మీ ఫోనులో తెలుగు గొంతు ఉండి, పాత ఫోనులో లేకపోతే, అక్కడ యాప్ మూగబోతుంది. పైగా ఒత్తులు నేర్పే చోట మరగొంతు మీద ఆధారపడకూడదు. మీ గొంతే రికార్డు చేయండి. పిల్లలకు అలవాటైన గొంతు కూడా అదే.

ఫ్యాను ఆపి, కిటికీలు వేసి, ఫోను నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. ఒక్కో పదానికి ఒక్కో ఫైలు. పదం ఒకసారి, చిన్న విరామం, మళ్లీ ఒకసారి. ఒత్తు వినిపించాలని ‘చెట్… ట్టు’ అని విరిచి పలకొద్దు, డిక్టేషన్‌లో ఎలా చెబుతారో అలాగే చెప్పండి. మూడు సెకన్లు చాలు. లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందూ వెనకా ఉన్న ఖాళీ కత్తిరించి, ఎంపీ3గా, ఒకే చానల్‌లో, 64 కేబీపీఎస్ నాణ్యతతో దాచండి. అలా అయితే మూడు సెకన్ల ఫైలు సుమారు 24 కేబీ, 20 ఫైళ్లు కలిపినా అర ఎంబీ లోపే. నాణ్యత ఇంతకంటే పెంచినా ఫోను స్పీకర్లో తేడా తెలియదు.

ఫైలు పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే, ఖాళీలు లేకుండా ఉండాలి. డబ్ల్యూ అక్షరం, దాని పక్కనే నంబరు: డబ్ల్యూ1, డబ్ల్యూ2 అలా 20 దాకా. అందంగా ఉంటుందని 01, 02 అని పెట్టకండి. యాప్ నంబరును అతికించి పేరు తయారుచేసుకున్నప్పుడు ‘1’ అనే వస్తుంది, ‘01’ రాదు, ఫైలు దొరకదు. మొదటి తొమ్మిది పదాలూ పలకకుండా పదో పదం నుంచి పలికితే కారణం ఇదేనని గుర్తుపెట్టుకోండి.

తెర కట్టడం

యాప్ ఇన్వెంటర్ మొదట 2010లో గూగుల్ సంస్థలో పుట్టింది, ఆ తర్వాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఉచితం. లాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, క్రోమ్ బ్రౌజర్లోనే పని జరుగుతుంది. ‘ఎంఐటీ యాప్ ఇన్వెంటర్’ అని వెతికి, వాళ్ల పేజీలో ‘క్రియేట్ యాప్స్’ నొక్కి, మీ జీమెయిల్‌తో లోపలికి వెళ్లండి. కొత్త ప్రాజెక్టుకు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలి, ఖాళీలు ఉండకూడదు. అక్కడ ఇంగ్లీషులో కనిపించే పేర్లనే మేము తెలుగు లిపిలో రాస్తున్నాం.

లోపల రెండు గదులుంటాయి. డిజైనర్‌లో తెర మీద కనిపించేవి అమర్చుతారు. బ్లాక్స్‌లో అవి ఏం చేయాలో చెబుతారు. మొదట డిజైనర్. పైన ఒక లేబుల్ (ఎన్నో ప్రశ్న, ఎన్ని సరి), దాని కింద ‘విను’ అనే బటన్, ఆ కింద జవాబుల కోసం మూడు బటన్లు, ఒక లేబుల్ (ఫలితం చెప్పడానికి), చివర ‘తర్వాత’ అనే బటన్. ఇవి కాక కంటికి కనిపించని భాగాలు రెండు: మీడియా కింద ఉండే ప్లేయర్, స్టోరేజి కింద ఉండే టైనీడీబీ (ఫోనులోనే వివరాలు దాచేది). ప్లేయర్ పక్కనే సౌండ్ అనే భాగం కూడా ఉంటుంది, చిన్న ధ్వనులకు అదే వాడమంటారు. మనకు ప్లేయరే కావాలి. ధ్వని పూర్తయిందని కబురు చెప్పేది ప్లేయర్ ఒక్కటే, ఆ కబురుతో మనకు పని ఉంది. మీరు రికార్డు చేసిన 20 ఫైళ్లనూ డిజైనర్‌లోనే మీడియా పెట్టెలోకి ఎక్కించండి.

బటన్ల వెడల్పు 90 శాతం, అక్షరం సైజు 30 పెట్టండి. ఎత్తు మాత్రం ఆటోమేటిక్‌గానే వదిలేయండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తు తెలుగుకు చాలదు, మన ఒత్తులు గీత కిందికి దిగుతాయి. ఎత్తు బిగిస్తే కొన్ని ఫోన్లలో కింద కోసుకుపోతుంది. ఒత్తులు నేర్పే యాప్‌లో ఒత్తే కనిపించకపోతే ఇంకేముంది! స్క్రోలబుల్ అనే గడిలో టిక్కు పెట్టండి, చిన్న తెర ఉన్న ఫోనులో ‘తర్వాత’ బటన్ కిందికి దాక్కోకుండా.

తెలుగు టైపింగ్ విషయంలో ఒక హెచ్చరిక. మీ బడి ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించినవైతే, ఆ ఫైలు నుంచి పదాలు కాపీ చేసి ఇక్కడ పెడితే ఇంగ్లీషు గుర్తుల చెత్త వస్తుంది. అను లిపి యూనికోడ్, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ వాడే అక్షర పద్ధతి, కాదు. 60 పదాలే కాబట్టి ఫోనులో జీబోర్డు తెలుగు కీబోర్డుతో కొట్టి, మీ మెయిల్‌కే పంపుకుని, అక్కడి నుంచి కాపీ చేసుకోవడం అన్నిటికంటే తేలిక.

ప్రాణం పోయడం

ఇప్పుడు బ్లాక్స్. ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఉంటాయి, ఇమడనివి అతుక్కోవు. మొదట మూడు జాబితాలు చేయండి: సరైనవి, తప్పు ఒకటి, తప్పు రెండు. ఒక్కోదానిలో 20 పదాలు, మీ కాగితంలోని వరసలోనే. యాప్ ఇన్వెంటర్ జాబితాలో లెక్క 1 నుంచే మొదలవుతుంది, కాబట్టి మీ కాగితం మీది నంబరే ఇక్కడి నంబరు. తర్వాత 1 నుంచి 20 వరకు అంకెలున్న ‘అన్నీ’ అనే జాబితా, దాని నకలుగా ‘మిగిలినవి’ అనే జాబితా. ఇవి కాక ఇప్పటి నంబరు, సరైన చోటు, మార్కులు, అడిగినవి, జవాబిచ్చారా అనే ఐదు పెట్టెలు, వీటిని వేరియబుల్స్ అంటారు. పెట్టెల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. అక్షరదోషం వస్తే పట్టుకోవడం తేలిక.

‘మిగిలినవి’ ఎందుకంటే, ఒకసారి అడిగిన పదం మళ్లీ రాకూడదు. అందులోంచి పిక్ ఎ రాండమ్ ఐటమ్ అనే ముక్కతో ఒక అంకె తీసి, వెంటనే దాన్ని ఆ జాబితాలోంచి తొలగించాలి. తొలగించే ముక్కకు అంకె కాక దాని స్థానం కావాలి, దాన్ని ఇండెక్స్ ఇన్ లిస్ట్ అనే ముక్క చెబుతుంది. కొత్తవాళ్లు పడే గొయ్యి ఇక్కడే ఉంది. రెండో ఆటకు జాబితాను మళ్లీ నింపేటప్పుడు ‘మిగిలినవి’లో నేరుగా ‘అన్నీ’ అని పెడితే నకలు తయారవదు. రెండు పేర్లూ ఒకే జాబితాను చూపిస్తాయి. ఇందులో తొలగిస్తే అందులోనూ పోతుంది. రెండు మూడు ఆటలయ్యాక జాబితా ఖాళీ అయి ఎర్రటి ఎర్రర్ వస్తుంది. మధ్యలో కాపీ లిస్ట్ అనే ముక్క పెట్టండి, సమస్య ఉండదు.

‘కొత్త ప్రశ్న’ అనే పేరుతో ఒక ప్రొసీజర్ (ఒక పేరు కింద కట్టిన పనుల వరస) చేయండి. దానిలో క్రమం ఇది. అడిగినవి 10 అయితే మార్కులు చూపి ఆగాలి. లేకపోతే అంకె తీసి, ‘ఇప్పటి నంబరు’లో దాచి, అడిగినవికి ఒకటి కలపాలి. 1 నుంచి 3 మధ్య ఒక అంకెను రాండమ్‌గా తీసి ‘సరైన చోటు’లో పెట్టాలి. ఆ చోటున్న బటన్ మీద సరైన రాత, మిగతా రెంటి మీద తప్పు రాతలు రాయాలి. ‘జవాబిచ్చారా’ను ఫాల్స్ చేయాలి. మూడు జవాబు బటన్లనూ, ‘తర్వాత’ బటన్‌నూ పనిచేయకుండా ఆపాలి. చివరగా డబ్ల్యూ, నంబరు, డాట్ ఎంపీ3 అనే మూడింటినీ జాయిన్ ముక్కతో అతికించి ప్లేయర్‌కు ఇచ్చి, స్టార్ట్ అనాలి. ఆట మొదట్లో మార్కులు, అడిగినవి సున్నా చేసి ఒకసారి, ఆపైన ‘తర్వాత’ నొక్కినప్పుడల్లా ఈ ప్రొసీజర్‌నే పిలవాలి.

బటన్లు ఎందుకు ఆపాలంటారా? ఆపకపోతే పిల్లలు పదం వినకుండానే నొక్కేస్తారు. ప్లేయర్ కంప్లీటెడ్ అనే ముక్కలో బటన్లు మళ్లీ తెరవండి. అంటే పూర్తిగా విన్నాకే జవాబు. ఈ ఒక్క ఏర్పాటు యాప్‌లోని మిగతా హంగులన్నిటికంటే విలువైనది. దీనికి ఒక చిక్కు తోడుగా వస్తుంది. జవాబు నొక్కాక పిల్లవాడు మళ్లీ ‘విను’ నొక్కితే, ధ్వని పూర్తవగానే బటన్లు మళ్లీ తెరుచుకుంటాయి. వాడు సరైనది నొక్కి ఇంకో మార్కు కొట్టేస్తాడు. అందుకే ‘జవాబిచ్చారా’ పెట్టె. అది ఫాల్స్ అయితేనే బటన్లు తెరవమని ప్లేయర్ కంప్లీటెడ్‌లో ఇఫ్ ముక్క పెట్టండి.

జవాబు సరిచూసే పనిని మూడు బటన్లలో మూడుసార్లు రాయకండి. ‘సరిచూడు’ అనే ఇంకో ప్రొసీజర్ చేసి, దానికి చోటు అనే ఇన్‌పుట్ ఇవ్వండి. మొదటి బటన్ 1 అని, రెండోది 2 అని, మూడోది 3 అని పంపుతాయి. వచ్చిన అంకె, ‘సరైన చోటు’ ఒకటైతే ఒప్పు, మార్కులకు ఒకటి కలపాలి. ఏదైనా సరే, బటన్లు ఆపి, ‘జవాబిచ్చారా’ను ట్రూ చేసి, సరైన రాతను పెద్దగా చూపి, ధ్వని ఇంకోసారి వినిపించి, ‘తర్వాత’ను తెరవాలి. తప్పుకు బజర్ మోత, ఏడుపు ముఖం వద్దు. సరైన రాత కంటికి, సరైన పలుకు చెవికి ఒకేసారి అందితే అదే దిద్దుబాటు.

పదాలను పదాలతో పోల్చకుండా అంకెలతో పోల్చమనడానికి కారణం ఉంది. తెలుగు రాతలో కంటికి కనిపించని గుర్తులు చేరుతుంటాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు ఒక అదృశ్య గుర్తు చేరుస్తుంది. పదం చివర ఒక్క ఖాళీ ఉన్నా యాప్ దృష్టిలో అది వేరే పదం. పిల్లలచేత టైపు చేయించే యాప్ చేయొద్దనడానికీ ఇదే కారణం. పిల్ల సరిగ్గానే కొట్టినా ‘తప్పు’ అని వచ్చే ప్రమాదం ఉంది, అది పిల్ల మనసును విరిచేస్తుంది.

ఒత్తున్న అక్షరానికి రంగు వేయాలనిపిస్తుంది, లేబుల్‌లో ఆ వీలూ ఉంది. వేస్తే ‘ట్టు’ మొత్తానికీ వేయండి. ఒత్తుకు మాత్రమే వేయబోతే అక్షరం రెండుగా చీలి ‘ట్’, ‘టు’ అని విడిపోవచ్చు. మొదటి యాప్‌లో అసలు రంగుల జోలికే వెళ్లకపోతే మంచిది.

ఇంకో చిన్న ముక్క: వెన్ స్క్రీన్1 బ్యాక్ ప్రెస్డ్ అనేదాన్ని ఖాళీగానైనా పెట్టండి. లేకపోతే వేలు తగిలి వెనక్కి బటన్ పడితే ఏడో ప్రశ్నలో యాప్ మూసుకుపోతుంది.

మార్కుల సంగతి

పది ప్రశ్నల్లో, ఒక్కోదానికి మూడు జవాబులుంటే కళ్లు మూసుకుని నొక్కినా సగటున మూడు సరిపోతాయి. అందుకని నాలుగైదు మార్కులను ‘వచ్చినట్టు’గా లెక్కపెట్టకండి. ఎనిమిది దాటితేనే లెక్క.

మీకు నిజంగా పనికొచ్చేది మార్కు కాదు, ఏ పదం దగ్గర క్లాసు తడబడుతోందన్నది. టైనీడీబీలో ‘తప్పినవి’ అనే పేరుతో ఒక జాబితా దాచండి. ఎవరు తప్పినా ఆ పదం నంబరు అందులో చేర్చండి. తర్వాత ‘టీచరు’ అనే చిన్న బటన్ ఒకటి కలిపి, అది నొక్కితే ఆ జాబితా కనిపించేలా చేసుకోండి. అందులో 7 పదకొండుసార్లు ఉంటే రేపు బోర్డు మీద చెప్పాల్సింది ఏడో పదమని తెలిసిపోతుంది. టైనీడీబీలోంచి తీసేటప్పుడు ‘ట్యాగ్ లేకపోతే’ అనే గడిలో ఖాళీ జాబితా ముక్క పెట్టడం మరవకండి. ముందే ఉండేది ఖాళీ రాత, జాబితా కాదు. దాన్ని మార్చకపోతే యాప్ మొదటిసారి తెరిచిన ఫోనులో ఎర్రర్ ఇస్తుంది. మీ ఫోనులో మాత్రం బాగా పనిచేస్తుంటుంది, ఎందుకంటే అక్కడ ముందే ఏదో దాచి ఉంటుంది.

పిల్లల పేర్లు, ఫొటోలు, తల్లిదండ్రుల నంబర్లు యాప్‌లోకి రానివ్వకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల సమ్మతి, అదీ రుజువు చేయగలిగేది, కావాలంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఐదో తరగతి పిల్ల ఏ పదం తప్పిందన్నది ఆ ఫోను దాటి ఎక్కడికీ పోనక్కర్లేదు. క్లౌడ్‌డీబీ, స్ప్రెడ్‌షీట్ లాంటి, వివరాలను ఇంటర్నెట్‌లోకి పంపే భాగాలు కనిపిస్తాయి, వాటిని లాగొద్దు. కెమెరా, లొకేషన్ భాగాలూ అంతే. సరదాకు లాగి వదిలేసినా యాప్‌కు ఆ అనుమతులు అంటుకుంటాయి. ఎవరికెన్ని వచ్చాయో రాసుకోవాలంటే మీ హాజరు పట్టీ పక్కన ఒక కాగితం చాలు.

పరీక్షించడం, ఫోనులోకి ఎక్కించడం

చేస్తున్నప్పుడే చూసుకోవడానికి ప్లే స్టోర్లోంచి ఎంఐటీ ఏఐ2 కంపానియన్ అనే యాప్ మీ ఫోనులో వేసుకోండి. లాప్‌టాప్‌లో కనెక్ట్ మెనూలో ఏఐ కంపానియన్ నొక్కితే క్యూఆర్ కోడ్, ఆరు అక్షరాల కోడ్ వస్తాయి. ఫోనుతో స్కాన్ చేస్తే యాప్ అక్కడికక్కడే నడుస్తుంది. రెండూ ఒకే వైఫైలో ఉండాలి. కొన్ని ఆఫీసులు, కాలేజీల వైఫైలో ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా కట్టడి ఉంటుంది, అప్పుడు ఎంతసేపటికీ కలవదు. మీ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, లాప్‌టాప్‌నూ పాత ఫోనునూ దానికి కలిపి, పాత ఫోనులో పరీక్షించండి. పాత ఫోనులో నడిస్తే సాధారణంగా కొత్తదానిలోనూ నడుస్తుంది. ప్లే స్టోర్ దాకా వెళ్లడం ఇప్పుడే అక్కర్లేదు. 25 డాలర్ల ఫీజు ఉంది, కొత్త వ్యక్తిగత ఖాతాలకు 12 మందితో 14 రోజుల పరీక్ష నిబంధన కూడా ఉంది.

అంతా సరిపోయాక బిల్డ్ మెనూలో ఆండ్రాయిడ్ యాప్, ఏపీకే అన్నది నొక్కండి, ఏపీకే అంటే ఫోనులో ఎక్కించే యాప్ ఫైలు. అక్కడ వచ్చే క్యూఆర్ కోడ్ రెండు గంటలే పనిచేస్తుంది, కాబట్టి ఫైలును లాప్‌టాప్‌లోకి దించుకుని, కేబుల్‌తో ఫోన్లలోకి పంపండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘తెలియని యాప్‌లు’ అనే అనుమతి అడుగుతుంది. ఇచ్చి, పని కాగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయండి. ఇక ఇంటర్నెట్ లేకపోయినా యాప్ నడుస్తుంది.

వాట్సాప్‌లో ఎందుకు వద్దన్నామంటే, ఇప్పుడు చాలా మోసాలు ఏపీకే ఫైళ్లతో జరుగుతున్నాయి. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అంటూ ఫైలు వస్తుంది. ఒక్కోసారి తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే ఆ నంబరును ముందే ఎవరో చేజిక్కించుకుని ఉంటారు. నొక్కిన తల్లి బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. ‘టీచరు గారు పంపారు, అనుమతి ఇచ్చాం, ఏమీ కాలేదు’ అన్న అలవాటు మీ చేతుల మీదుగా పడకూడదు. తల్లిదండ్రుల సమావేశం రోజున కావాలన్నవాళ్ల ఫోనులో మీరే పక్కన కూర్చుని ఎక్కించి, అనుమతి వెనక్కి తీసేసి ఇవ్వండి. వాట్సాప్‌లో ఏపీకే వస్తే ఎవరు పంపినా నొక్కవద్దని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని అదే రోజు చెప్పండి. ఐఫోన్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కదు, వాళ్లకు పదాల కాగితం జిరాక్సు ఇస్తే సరి.

క్లాసులో నడిపే లెక్క

ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెడితే 17 జంటలు. పది పదాలకు వినడం, మాట్లాడుకోవడం, నొక్కడం కలిపి ఐదు నిమిషాలు వేసుకోండి. ఒక ఫోను మీద 85 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. రెండు ఫోన్లయితే ఒక పీరియడ్‌లో అయిపోతుంది. జంటలో ఒకరు నొక్కుతారు, ఇంకొకరు ఎందుకో చెబుతారు, తర్వాతి పదానికి మారతారు. ఒంటరిగా ఆడే పిల్ల కంటే ‘వ కింద వ ఒత్తు ఉందిగా, విను’ అని పక్కపిల్లతో వాదించే పిల్లే ఎక్కువ నేర్చుకుంటుంది. ఆట ముగించిన జంట వెనక్కి వెళ్లి నోటుబుక్కులో రాస్తుంటుంది. మొదటి రోజు మాత్రం మీ ఫోను తెరను స్మార్ట్ టీవీ మీద చూపి, క్లాసంతా కలిసి ఒక ఆట ఆడండి. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కరికీ చెప్పే శ్రమ తప్పుతుంది.

రెండు వారాల తర్వాత పదాలు పాతబడతాయి, చోటు చూసి కాకుండా పదం రూపం చూసే నొక్కేస్తారు. అప్పుడు 20 పదాలు మార్చాలి. ఈసారి పదాలను గూగుల్ షీట్‌లో మూడు వరసలుగా పెట్టి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా రాత ఫైలుగా) దించుకుని ఫైల్ భాగంతో చదివించుకుంటే బ్లాక్స్ ముట్టుకోనక్కర్లేదు. ఎక్సెల్‌లో చేస్తే మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని దాచితే తెలుగు ఉంటుంది గానీ ఫైలు మొదట్లో ఒక అదృశ్య గుర్తు చేరి మొదటి పదానికి అంటుకుంటుంది. అందుకే గూగుల్ షీట్ అన్నాం.

మార్పులు చేసే ముందు ప్రతిసారీ ప్రాజెక్ట్స్ మెనూలోంచి ఏఐఏ ఫైలును (ప్రాజెక్టు మొత్తం ఉండే ఫైలు) ఎగుమతి చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. విజయవాడలోనో తెనాలిలోనో తోటి టీచరు అడిగితే ఆ ఏఐఏ ఫైలే ఇవ్వండి, తమ పదాలు, తమ గొంతు పెట్టుకుంటారు. వాళ్ల ఖాతాలో తయారైన ఏపీకేను మీరు ముందే ఎక్కించిన ఫోను మీద ఎక్కిస్తే అది మీ యాప్ స్థానంలోకి రాదు, పక్కన ఇంకో యాప్‌గా చేరుతుంది. పాతది అక్కర్లేదని తీసేస్తే టైనీడీబీలో దాచిన తప్పుల జాబితా పోతుంది. తీసేముందు ఆ జాబితాను కాగితం మీదికి ఎక్కించుకోండి.